ఊరు వదిలాక వచ్చిన పేరు

కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ కందుకూరివాడని పిలవరు. అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఆ మాటతో పనిలేదు. అక్కడి వెంకటప్ప ఒకడు కృష్ణ దాటి గోదావరి ఒడ్డున కాపురం పెట్టి, ఆ వీధిలో అప్పటికే ఇద్దరు వెంకటప్పలు ఉంటేనే ‘ఏ వెంకటప్ప?’ అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబుగా పుట్టింది ఇంటిపేరు. ఊరిపేరుతో ఉన్న తెలుగు ఇంటిపేరు ఆ కుటుంబం ఎక్కడుందో చెప్పదు, ఎక్కణ్నుంచి కదిలిందో చెబుతుంది. పైగా ఆ పేరు పెట్టింది ఆ కుటుంబం కాదు, వాళ్లను చేర్చుకున్న ఊరు. ఈ మాట ఒప్పుకుంటే తాతలు, నాయనమ్మలు చెప్పిన వంశగాథల్లో దేన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి ఒక పట్టు దొరుకుతుంది.

మొదటి సాక్ష్యం వ్యాకరణమే ఇస్తుంది. ఇంటిపేర్లలో చాలా ఊళ్ల పేర్లు ఉన్న రూపంలో ఉన్నట్టు కనబడవు. కందుకూరు కందుకూరి అవుతుంది, టంగుటూరు టంగుటూరి, గరికపాడు గరికపాటి, కొండవీడు కొండవీటి, ఓరుగల్లు ఓరుగంటి. మన వ్యాకరణాలు ఔపవిభక్తికాలనే ఈ ఇకార, టికారాలు ‘ఫలానా ఊరికి చెందిన’ అన్న అర్థాన్ని మోస్తాయి. అంటే ఇంటిపేరు మొదట పేరు కాదు, ఒక వాక్యంలో విశేషణం. అది తరతరాలుగా నిలిచిపోయి పేరైంది. రెండో సాక్ష్యం దేశపటం. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. కందుకూరు ఉన్నది ఒంగోలుకు దక్షిణాన. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది తిరుత్తణిలో. సర్వేపల్లి నెల్లూరుకు దగ్గర. టంగుటూరి ప్రకాశం 1872లో పుట్టిన వినోదరాయునిపాలెం, టంగుటూరు రెండూ ఒంగోలు చుట్టుపక్కలవే. అంటే ఇంటిపేరు రావడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు, పొలిమేర దాటితే చాలు. అన్నిటికంటే ఆలోచింపజేసే జంట ఇంకొకటుంది. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికిన మనిషి. విశ్వేశ్వరయ్య ఇంటిపేరు మోక్షగుండం. పుట్టింది కన్నడదేశపు ముద్దేనహళ్లిలో. ఒకరు కావేరి ఒడ్డున, ఒకరు మైసూరు సంస్థానంలో. అయినా కాకర్ల, మోక్షగుండం రెండూ కంభం చుట్టుపక్కలి పల్లెలు, ఇద్దరివీ ములకనాటి బ్రాహ్మణ కుటుంబాలు. ఎవరు ఎప్పుడు బయల్దేరారో చెప్పే కాగితం లేకపోయినా, ఆ నేల నుంచి జనం దక్షిణానికీ పడమటికీ కదిలారన్నది ఈ రెండు పేర్లే చెబుతున్నాయి.

దీనికి వెంటనే ఒక ఎదురుమాట వస్తుంది. బమ్మెర పోతన మాటేమిటి? బమ్మెర అనే ఊరు జనగామ జిల్లాలో పాలకుర్తి దగ్గర ఇప్పటికీ ఉంది, పోతన అక్కడివాడేనని అక్కడి జనం నమ్మకం. అక్కడే ఉన్నవాడికి ఆ ఊరి పేరెలా వచ్చింది? అక్కడికి దగ్గర్లోనే ఉన్న పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమన విషయంలోనూ ఇదే ప్రశ్న. దీనికి జవాబు మన కళ్లముందు కాలంలోనే ఉంది. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల ఆయన సొంత ఊరు. ఆయన ఊరు వదిలి రాజధానిలో వకీలై, నాయకుడైతే లోకం ఊరిపేరుతో గుర్తుపట్టింది, అసలు ఇంటిపేరు తెరవెనక్కి పోయింది. మనిషి కదలకపోయినా అతని పేరు ఊరు దాటిపోతే అదే పని జరుగుతుంది. పోతన విషయంలో ఊరు దాటింది పుస్తకం. కరణాల సంగతి కొంచెం వేరు. ఒక ఊరి కరణీకాన్ని మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, అనుభవించిన కుటుంబం ఆ ఊళ్లోనే ఉంటూ ఆ ఊరిపేరు మోయడం కద్దు. కచేరీలో పదిమంది కరణాలు కూర్చున్నచోట ఎవరి ఊరితో వాళ్లను పిలిచేవారు కాబట్టి అక్కడ కూడా పిలిచింది బయటివాళ్లే. కాకపోతే ఇలాంటి ఇంటిపేరు వలసకు గుర్తుగా పనికిరాదు, హక్కుకు గుర్తవుతుంది. నా వాదానికి ఇది మినహాయింపని ఒప్పుకోవాలి.

ఊరితో సంబంధం లేని ఇంటిపేర్లు బోలెడున్నాయి కదా అనేది రెండో ఎదురుమాట. నిజమే. సోమయాజుల, వాజపేయాజుల, దీక్షితుల అంటే ఆ ఇంట ఎవరో యజ్ఞం చేశారు. దేశ్‌ముఖ్, పటేల్, కరణం కొలువులు. ఉప్పు, పప్పు, మిరియాల, తోట, పులి, బండి లాంటివాటికి ప్రతి కుటుంబంలోనూ ఒక ముచ్చటైన కథ సిద్ధంగా ఉంటుంది: పూర్వీకుడొకడు పులిని చంపాడని, ఒకడు కరువులో ఊరందరికీ పప్పు వండిపెట్టాడని. ఈ కథల్ని కొట్టిపారేయను గానీ, పేరు ముందు, కథ తర్వాత పుట్టిందని అనుమానించడానికి వీలుంది. అర్థం తెలిసిన మాట ఇంటిపేరైతే దానికి కథ అల్లడం తేలిక. అర్థం మరుగైన పేరుకు కథలు అంతగా పుట్టవు. ఈ పేర్ల దగ్గర ఊరి సూత్రం పనిచేయదు, ఇంకో ఆధారం చేతికొచ్చేదాకా ఆగడమే న్యాయం.

అసలు తగువు వచ్చేది రక్తం దగ్గర. ఒకే ఇంటిపేరైతే ఒకే వంశమని, ఎక్కడో చీలిపోయిన దాయాదులమని మనవాళ్ల గట్టి నమ్మకం. అందుకే ఒక కులంలో ఒకే ఇంటిపేరువాళ్ల మధ్య పెళ్లి సంబంధం కలుపుకోవడానికి వెనకాడతారు. కానీ ఒకే ఇంటిపేరుతో వేర్వేరు గోత్రాలున్న కుటుంబాలు బ్రాహ్మణుల్లోనే ఉన్నాయి. ఒకే ఊరిపేరు నాలుగైదు కులాల్లో ఇంటిపేరుగా కనిపిస్తుంది. ఒక ఊరి నుంచి నాలుగు కుటుంబాలు నాలుగు దిక్కులకు పోతే నాలుగింటికీ అదే పేరు వస్తుంది కదా. పైగా కందుకూరు ఒకటి కాదు, హైదరాబాదు పక్కనా ఒకటుంది. దత్తత సంగతి చెప్పనే అక్కర్లేదు: దత్తుడికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారిపోతాయి. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటం అల్లుణ్ని కొడుకుతో సమానంగా చూసే ఆచారాన్ని మద్రాసు కోర్టులే గుర్తించాయి. ఆస్తి ఒక దారిన, రక్తం ఇంకో దారిన, పేరు మూడో దారిన పోయిన ఇళ్లు మనకు కొత్త కాదు.

పేరు, రక్తం విడిపోయాయనడానికి రేచర్ల కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. పాలంపేటలో రామప్ప గుడి కట్టించి 1213లో శాసనం వేయించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. పిల్లలమర్రిలో గుళ్లు కట్టించినదీ రేచర్ల రెడ్లే. ఆ తర్వాతి శతాబ్దంలో రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయక వెలమలదీ రేచర్ల గోత్రమే. రెండు కులాల చేతుల్లో ఒకటే పేరు. ఆ వెలమ శాఖ గాథను వెలుగోటివారి వంశావళి భద్రపరిచింది: మూలపురుషుడైన చెవిరెడ్డికి పాతర దొరికిందని, దానికి కాపలా ఉన్న బేతాళుడు బలి కోరితే రేచడనే సేవకుడు ముందుకొచ్చాడని, తన పేరు ఈ వంశానికి నిలవాలని మాట తీసుకున్నాడని. బేతాళుణ్ని చరిత్ర ఒప్పుకోదు. కానీ ఒక ఏలిక కుటుంబం తన గోత్రనామం ఒక సేవకుడి నుంచి వచ్చిందని తనే పాడించుకోవడం మామూలు విషయం కాదు. గొప్ప కోసం అల్లిన కథైతే మూలపురుషుడిగా సూర్యుణ్నో చంద్రుణ్నో తెచ్చుకునేవాళ్లు. ఈ కథలో బేతాళుణ్ని తీసేసినా పేరు రక్తం ద్వారా రాలేదన్న ఒప్పుకోలు మిగులుతుంది. ఆ పేరు అంతకుముందే రెడ్డి ప్రభువుల దగ్గర ఉందన్న శాసన సాక్ష్యాన్ని ఈ కథ పక్కన ఉంచి చూస్తే, కొలువు వల్లో పొత్తు వల్లో ఒక పేరు కింద చేరిన వేర్వేరు కుటుంబాలని అనుకోవడమే నాకు సబబుగా తోస్తోంది.

ఇక్కడే వంశగాథల్ని తూచే పద్ధతి ఒకటి తేలుతుంది. చెప్పేవాడికి గౌరవం తెచ్చిపెట్టే భాగాన్ని చివరికి ఉంచుకోవాలి; గౌరవానికి అక్కరకు రాని భాగాన్ని ముందు నమ్మాలి. అప్పులపాలై రాత్రికి రాత్రి ఊరు వదిలారని, కరువులో పిల్లల్ని మేనమామ ఇంట దిగబెట్టారని చెబితే అది అల్లిక కాకపోవచ్చు. రాయలవారు స్వయంగా అగ్రహారం రాసిచ్చారంటే కాగితం అడగాలి. భట్రాజులు, పిచ్చుకగుంట్లవాళ్లు, పద్మశాలీల సాధనాశూరులు, మాదిగల జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు తరాల తరబడి తమ దాత కులాల గోత్రాలు, వంశాలు పాడుతూ వచ్చారు. డబ్బు కోసం పొగడటమే వాళ్ల పని కదా, ఆ మాటలకు విలువేమిటని అడగొచ్చు. పొగడ్త ఉన్నమాట నిజం. అయితే పొగడ్తకు పనికిరాని ఊళ్ల పేర్లు, మకాంల వరస, ఎవరింట ఎవరిని ఇచ్చారన్న వివరం కూడా వాళ్ల పాటలోనే ఉంటాయి. అవి మార్చి పాడితే వినేవాళ్లే తప్పు పట్టేవారు.

కాలం విషయంలో మాత్రం గాథల్ని గట్టిగా అనుమానించాల్సిందే. మన తర్పణంలో పేరు పెట్టి తలుచుకునేది తండ్రి, తాత, ముత్తాత: మూడు తరాలు. అంతకు పైన పేర్లు రాసిపెట్టుకున్న ఇళ్లలోనే నిలిచాయి. అలాంటప్పుడు ముత్తాత తర్వాత ఒక్క గెంతులో 1565 నాటి విజయనగర పతనానికో, 1323 నాటి ఓరుగల్లు పతనానికో చేరే కథలో నడుమ పదికి పైగా తరాలు మాయమై ఉంటాయి. పెద్దలు సంవత్సరాల పేర్లతో చెప్పే లెక్క ఇంకా చిక్కు. నందన కరువులో వచ్చామంటే గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి డొక్కల కరువే మనకు గుర్తొస్తుంది. కానీ నందన అరవై ఏళ్లకోసారి వస్తుంది. ధాత కరువంటే 1876 దగ్గర మొదలైందే కావచ్చు, తాతకు తాత ఎవరో తెలిస్తేనే ఖాయం. ఇంకొక చిక్కును ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో కథలు ఎక్కువగా చెప్పేది నాయనమ్మలు, అమ్మమ్మలు. నాయనమ్మ వేరే ఇంటినుంచి వచ్చిన మనిషి. ఆమె చెప్పిన ఏరు, గుడి, కరువు ఆమె పుట్టింటివి కావచ్చు. మనవలు వాటిని తండ్రి ఇంటిపేరుకు అంటగడతారు. ఇంటిపేరు చూపించే ఊరికీ, కథలో ఉన్న ఊరికీ పొంతన కుదరనప్పుడు కథ అబద్ధమని కొట్టేసే ముందు ఆడవాళ్ల పుట్టిళ్లు ఏవో అడగాలి. పది తరాలు వెనక్కి పోతే మనకు 1,024 మంది పూర్వీకుల స్థానాలున్నాయి. ఇంటిపేరు వాటిలో ఒక్కదాని వెంటే పోతుంది.

రాతపూర్వక ఆధారాలు లేవనే నిట్టూర్పు సగమే నిజం. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, ఏ ఊరి కరణీకం ఏ ఇంటిపేరువాళ్లది, వాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు అన్న సంగతులు చాలాచోట్ల ఉన్నాయి. చెప్పింది కరణాలే కాబట్టి తమ మిరాశీకి అనుకూలంగా చెప్పుకున్నారన్న అనుమానం న్యాయమే. అందుకే హక్కుల జోలికి పోని ఊళ్ల పేర్లకు వాటిని వాడుకోవాలి. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసినప్పుడు తయారైన రిజిస్టర్లు ఇంకా గట్టివి. ప్రతి ఇనాముకు ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అని అడిగి రాశారు. భూమి తగాదాల్లో వకీళ్లు ఇప్పటికీ వాటినే తీస్తారు. రాయలిచ్చాడన్న అగ్రహారం స్థానిక జమీందారు ఇచ్చినదని తేలేదీ అక్కడే.

ఇంటిపేరు పోయి ఊరు మిగిలిన తెలుగువాళ్లూ ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు కూలికి పోయినవాళ్ల వలస పత్రాల్లో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఇంటిపేరు అడగలేదు. వాళ్ల మనవలకు సొంత ఊరు వెతకడానికి ఆ పత్రమే ఆధారం. తమిళనాట స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామందికి తండ్రి పేరే ఇనీషియల్ అయింది, ఇంటిపేరు పెళ్లి మాటలప్పుడే బయటికొస్తుంది. అక్కడ అది ఇప్పటికీ తన పాత పనే చేస్తోంది.

మీ ఇంటి సంగతి తేల్చుకోవాలనుకుంటే ఇంటిపేరుతో మొదలుపెట్టి అక్కడే ఆగకండి. ఇలవేల్పు గుడి ఏ ఊళ్లో ఉంది, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు, గోత్రమేమిటి, నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల అమ్మల పుట్టింటి పేర్లేమిటి అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఎవరు చెప్పారో పక్కనే రాసి పెట్టండి. తర్వాత కాగితాల దగ్గరికి వెళ్లండి. కైఫీయతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం (ఆర్కైవ్స్) ఉంది. రెండూ పరిశోధకులకే అనుకుని చాలామంది వెళ్లరు.