రోజుకు యాభై రూపాయలు

కంపెనీ అనగానే మనకు హైటెక్ సిటీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ చట్టం దృష్టిలో దేవరకొండ వైపో, నాగర్‌కర్నూల్ వైపో పదిమంది రైతులు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీ కూడా కంపెనీయే. ఈ వెసులుబాటు 2002 సవరణతో వచ్చింది. కనీసం పదిమంది సభ్యులు, ఐదుగురు డైరెక్టర్లు ఉంటే చాలు. ఏటా లెక్కలూ, సభ్యుల వివరాలూ రిజిస్ట్రారుకి దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజువారీ మీటరు తిరుగుతుంది, ఆటో మీటరులాగే. ఈ మీటరు ఎక్కడ పుట్టిందా అని తవ్వుకుంటూ పోతే లండన్‌లో తేలాను.

1862 నాటి ఇంగ్లండు కంపెనీల చట్టంలో, వాటాదారుల జాబితా పంపకపోతే రోజుకు ఐదు పౌన్ల వరకు జరిమానా అని రాశారు. కారణం సబబైనదే. కంపెనీ మునిగినా వాటాదారు ఇల్లు వేలానికి రాదు, ఆ రక్షణ ఇచ్చినందుకు బదులుగా లోపల ఎవరున్నారో లోకానికి చెప్పాలి. మన దేశానికి వచ్చేసరికి 1913 చట్టంలో అది రోజుకు యాభై రూపాయలైంది. 1860ల్లో పౌను విలువ ఇంచుమించు పది రూపాయలు. ఎవరో గుమాస్తా పదితో గుణించి రాసేసి ఉంటాడని నా అనుమానం :)

అప్పట్లో మన నల్లగొండ, పాలమూరు నిజాం రాజ్యంలో ఉండేవి కాబట్టి బ్రిటిషు చట్టం ఇక్కడ చెల్లదు. ఇక్కడ ఫస్లీ 1320 నాటి హైదరాబాదు కంపెనీల చట్టం నడిచేది (మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లాలో ఉండేది కనుక దానికి ఇంగ్లీషువాళ్ళ చట్టమే!). 1951లో భారత చట్టాలు హైదరాబాదు రాష్ట్రానికీ వర్తించాయి. 1956లో కొత్త చట్టం వచ్చినా ఆ యాభై యాభైలాగే ఉండిపోయింది. 2000లో గానీ అది ఐదొందలు కాలేదు. బియ్యం ధర ఎన్ని రెట్లయిందో, దీని ధర మాత్రం కదల్లేదన్నమాట.

అయినా ఎవరికీ పెద్దగా భయం లేదు. అది కోర్టుకు లాగి వేయించాల్సిన జరిమానా మరి. గద్వాల నుంచైనా భువనగిరి నుంచైనా కాగితాలు చేరాల్సింది హైదరాబాదుకే. కొత్తూరు, చౌటుప్పల్ లాంటి చోట్ల షెడ్డుకు తాళం పడితే యజమాని కంపెనీ కూడా పోయిందనే అనుకుంటాడు. చట్టప్రకారం అది బతికే ఉంటుంది, ఏటా రిటర్ను అడుగుతూనే ఉంటుంది.

2006లో దాఖలు ఆన్‌లైన్ అయింది. కంప్యూటరుకి మొహమాటం ఉండదు కదా, ఎవరు ఎన్నేళ్ళు బాకీయో ఒక్క క్వెరీతో బయటపడుతుంది. 2017లో దేశమంతటా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేశారు, మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులన్నారు. వీళ్ళలో దొంగ కంపెనీలవాళ్ళూ ఉన్నారు, ఊరికే బద్ధకించినవాళ్ళూ ఉన్నారు. 2013 చట్టం అమల్లోకి రాకముందు ఏడాదిని కలిపి మూడేళ్ళ లెక్క కట్టడం కుదరదని 2019 జూలైలో తెలంగాణ హైకోర్టు తప్పుపట్టింది.

నాకు అసలు కొరుకుడు పడనిది ఇంకొకటి. 2018 జూలై 1కి ముందు ఆలస్య రుసుము మామూలు ఫీజుకు గరిష్ఠంగా పన్నెండు రెట్లు. రెండు లక్షల మూలధనమున్న కంపెనీకి ఫీజు 300, అంటే ఫారానికి 3,600 దగ్గర ఆగేది. ఆ తేదీ నుంచి ఫారానికి రోజుకు 100, పైన హద్దు లేదు. రెండు ఫారాలు ఏడాది ఆలస్యమైతే 73,000. రిలయన్సుకైనా అదే రేటు, కందులు అమ్ముకునే రైతు కంపెనీకైనా అదే రేటు.

2020 సవరణలో చిన్న కంపెనీలకూ, ఉత్పత్తిదారుల కంపెనీలకూ జరిమానా సగానికి మించకూడదన్నారు. మంచిదే. కానీ ఈ రోజుకు వంద ఉంది చూశారూ, అది జరిమానా కాదట, 'అదనపు రుసుము' అట. కాబట్టి సగం మాట దానికి వర్తించదు. పేరు మార్చి బిల్లు మార్చకపోవడం అంటే ఇదే!

వార్షిక సమావేశం సెప్టెంబరు నెలాఖరులో పెట్టుకుంటే లెక్కలు అక్టోబరు నెలాఖరుకి, రిటర్ను నవంబరు నెలాఖరుకి చేరాలి. మా వైపు ఆ రెండు నెలలూ పత్తి ఏరే రోజులు. డైరెక్టరుగారు చేలో ఉంటారు.