పలకల లోడు నుంచి చమురు బావి దాకా

పశ్చిమ ప్రకాశంలో చమురు బావి లేదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టూ ఉన్నవి పలకరాయి గనులు, మెట్ట చేలు, పడమట గోడ కట్టినట్టు నల్లమల. అయినా లారీ నమ్ముకుని బతికే ఈ సీమ మనిషికి చమురు రంగం మరీ దూరపు చుట్టం కాదు. స్టీరింగు పట్టే కొలువు ఎవరికి దక్కాలన్న లెక్కను ఆ రంగమే మార్చేసింది.

మొదట్లో దూరం వెళ్ళే సరుకంతా రైలుదే. 19వ శతాబ్దం చివర గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు వైపు మీటరు గేజి లైను పడింది. నల్లమలలో గిద్దలూరు, నంద్యాల మధ్య ముక్క వేయడం ఆనాటి ఇంజినీర్లకు కష్టమైంది. మార్కాపురం రాతిపలక దేశం నలుమూలలా బడిపిల్లల చేతికి వెళ్ళింది. కానీ రైలు దొరికేది స్టేషనులోనే. గని నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి స్టేషనుకు మోసే పని ముందు ఎడ్లబండిది, తర్వాత లారీది. లారీ అక్కడితో ఆగకుండా కొన్నవాడి గుమ్మం దాకా వెళ్ళడం మొదలుపెట్టాక బేరం తీరే మారింది.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా కచేరీలో పని పడితే నల్లమల దాటి వెళ్ళాల్సిందే. జిల్లా మారాక ఆ దారి ఒంగోలు వైపు తిరిగింది.

ఆ రోజుల్లో డ్రైవరు కావడానికి ఒకటే బడి: క్లీనరు పని. లారీ కడగడం, పట్టా కట్టడం, టైరు విప్పడం, ఘాట్‌లో బండి ఆగితే చక్రం కింద రాయి పెట్టడం, రాత్రి డ్రైవరు కునుకు తీయకుండా మాటలు కలపడం. గురువుకు నమ్మకం కుదిరితే, ఖాళీ రోడ్డు చూసి కాసేపు స్టీరింగు చేతికిచ్చేవాడు. కొన్నేళ్ళకు బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు బండి నడిపి చూపిస్తే లైసెన్సు. ఓనరు చూసేది లైసెన్సు కంటే ముందు, ఏ డ్రైవరు దగ్గర పని నేర్చుకున్నాడన్నది. జీతానికి తోడు ట్రిప్పు బత్తా. 1975లో నేషనల్ పర్మిట్టు వచ్చాక ఒకే లారీ అనేక రాష్ట్రాలు తిరగడం సులువైంది.

చమురు రంగానికి పనికొచ్చే సరుకు కూడా దగ్గరలోనే ఉంది. గిద్దలూరు నుంచి దక్షిణంగా దిగితే కడప సీమ. నాటి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే పెద్దవైన ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాల్లో ఒకటి ఉంది. బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి గ్యాసు, చమురు ఎగదన్నకుండా అదిమిపెట్టే బురదను బరువెక్కించడానికి ఈ రాయి పొడి కలుపుతారు. ముగ్గురాయి నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. అందుకే ఆ రాయి ఎత్తిన లారీ చూపుకు సగం ఖాళీగా కనిపిస్తుంది, ఇరుసుల మీద మాత్రం నిండు లోడు.

ఇంతలో తూర్పున గోదావరి డెల్టాలోనే చమురు వేట మొదలైంది. 1978లో ఓఎన్‌జీసీ నరసాపురంలో తొలి బావి తవ్వింది. తర్వాత రాజోలు పరిసరాల్లో బావులు వరుసకట్టాయి. రిగ్గు ఒక చోట పని ముగించిందంటే దాన్ని ముక్కలుగా విప్పాలి. మాస్టు, పంపులు, జనరేటర్లు, ట్యాంకులు, పైపులు, సిబ్బంది ఉండే క్యాబిన్లు అన్నీ ట్రైలర్ల మీద కోనసీమ సన్న రోడ్లు, కాలవ వంతెనలు దాటి కొత్త చోటికి చేరాలి. వెనక్కి తిప్పడంలో జానెడు తేడా వచ్చినా చక్రం వరిచేలో దిగుతుంది. ఘాట్‌లో ఆరితేరిన చేయి కూడా ఇక్కడ మళ్ళీ నేర్చుకోవాల్సిందే.

1995 జనవరి 8న ఆ కోనసీమలోనే పాశర్లపూడి బావి పేలింది. మంట 65 రోజులు మండింది. చమురు, గ్యాసు పనిలో పొరపాటు ఖరీదు ఎంతో రాష్ట్రమంతా కళ్ళారా చూసింది.

అప్పటికే చట్టం బిగుసుకుంటోంది. 1988 మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనలకు 1993లో సవరణ చేశారు. ప్రమాదకర సరుకు మోసే బండి నడపాలంటే మామూలు లైసెన్సు చాలదు. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. 3 రోజుల శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్టు చూపాలి. ఆ లైసెన్సు ఏడాదికే చెల్లేది, పునరుద్ధరణకు మళ్ళీ ఒకరోజు శిక్షణ. పెట్రోలు ట్యాంకరు తీరు కూడా వేరు. సగం నిండిన ట్యాంకులో ద్రవం ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంటే బ్రేకు కొట్టే పద్ధతి మారిపోతుంది. ఇక 1952 గనుల చట్టం చమురు బావిని కూడా గనిగానే లెక్కించింది. సైటులో పనికి వచ్చేవాళ్ళకు వైద్య పరీక్ష, భద్రతా శిక్షణ తప్పనిసరి అయ్యాయి.

పాత క్లీనరు బడికి పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. చిన్నప్పుడే చదువు మానేసి లారీ ఎక్కినవాడికి ఘాట్‌లో గేరు ఎప్పుడు దించాలో తెలుసు. ట్యాంకరు మీది ఇంగ్లీషు హెచ్చరిక మాత్రం అతనికి అందదు. పైగా చమురు కంపెనీలు చాలావరకు డ్రైవరును నేరుగా తీసుకోవు, రవాణా కాంట్రాక్టరే తీసుకుంటాడు. ఆ కాంట్రాక్టరు పూచీ పడాల్సింది కంపెనీకి. గురువు చెప్పిన మంచిమాట కంటే చెల్లుబాటులో ఉన్న కాగితమే అతనికి ముందు కావాలి.

2019లో రెండు మార్పులు వచ్చాయి. రవాణా లైసెన్సుకు 8వ తరగతి ఉండాలన్న నిబంధనను కేంద్రం ఎత్తేసింది. ప్రమాదకర సరుకు లైసెన్సు గడువును ఏడాది నుంచి 3 ఏళ్ళకు పెంచింది. పలకల లోడు తోలేవాడికి మొదటి మార్పు మేలు చేసింది. ట్యాంకరు ఎక్కాలనుకున్నవాడికి ఇంగ్లీషు, శిక్షణ షరతులు అలాగే ఉండిపోయాయి.

వేట ఇప్పుడు సముద్రంలోకి జరిగింది. 2024 జనవరిలో కృష్ణా-గోదావరి లోతు సముద్రపు బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. అక్కడి బావులకు కావాల్సిన పైపులు, సిమెంటు, ముగ్గురాయి పొడి ఓడలు ఎక్కితేనే చేరతాయి. లారీ డ్రైవరు పని రేవు గేటు దగ్గర ముగుస్తుంది. ఆ గేటులోనూ సెక్యూరిటీ మనిషి అడిగేది కాగితాలే.