అంటువ్యాధి వేళ వలస చట్టాల అమలు

పత్రాలు లేని విదేశీయులను గుర్తించడం, పట్టుకోవడం, నిర్బంధించడం, స్వదేశానికి తిప్పి పంపడం వలస చట్టాల అమలు కిందికి వస్తాయి. మామూలు రోజుల్లో ఇది పోలీసులు, కోర్టుల వ్యవహారం. అంటువ్యాధి ప్రబలిన రోజుల్లో ఆరోగ్య శాఖ పనికి నేరుగా అడ్డు తగులుతుంది. వ్యాధిని అదుపు చేసేవారికి రోగి పేరు, ఇల్లు, పనిచేసే చోటు, గత కొద్ది రోజుల్లో అతను కలిసిన మనుషుల వివరాలు కావాలి. వలస అధికారికి కావలసినవీ అవే. ఒకరికి చెప్పింది రెండోవారికి చేరుతుందన్న అనుమానం కలిగితే మనిషి ఎవరికీ చెప్పడు. జ్వరం వచ్చినా గదిలోనే పడి ఉంటాడు, లేదా మాత్ర వేసుకుని పనికి పోతాడు. అదే గదిలో, అదే పనిచోట ఉన్న మిగతావాళ్లకు జబ్బు అంటుకుంటుంది. వాళ్లలో పత్రాలు సవ్యంగా ఉన్నవాళ్లూ ఉంటారు, ఆ దేశ పౌరులూ ఉంటారు.

కొవిడ్-19 కాలంలో ఈ చిక్కు చాలా దేశాల్లో బయటపడింది. దాని మూలాలు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ఓడరేవుల్లో ఉన్నాయి.

పూర్వరంగం

ప్రమాదకరమైన అంటురోగం ఉన్నవారిని దేశంలోకి రానివ్వరాదని అమెరికా 1891లో చట్టం చేసింది. మరుసటి ఏడాది జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీప వలస కేంద్రం తెరుచుకుంది. వరసలో నడిచి వస్తున్నవారిని డాక్టర్లు కంటితో చూసి, అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. రెప్పలు తిరగేసి ట్రకోమా అనే కంటి జబ్బు ఉందేమో చూసేవారు. 1892లోనే ఓడల మీద టైఫస్, ఆ తర్వాత కలరా ఆ రేవుకు చేరాయి. ఆ భయంలో 1893లో వచ్చిన క్వారంటైన్ చట్టం, అంటువ్యాధి ఉన్న దేశాల నుంచి రాకపోకలు ఆపే అధికారాన్ని అధ్యక్షుడికి కట్టబెట్టింది. ఆ నిబంధనే కొద్ది మార్పులతో 1944 నాటి ప్రజారోగ్య సేవల చట్టంలో 362వ సెక్షన్ అయింది. సంకలిత చట్టాల 42వ భాగంలో (టైటిల్ 42) దాని సంఖ్య 265.

1900 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్‌లో ఒక చైనా జాతీయుడు ప్లేగుతో చనిపోయాడు. అధికారులు వెంటనే ఆ పేట చుట్టూ తాళ్లు కట్టారు. మే నెలలో, టీకా ధ్రువపత్రం లేని చైనీయులు, జపనీయులు ఊరు దాటకూడదన్నారు. ఆ టీకా అంతకు మూడేళ్ల ముందు బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తయారుచేసినది. దిగ్బంధం గీతను గీసిన తీరు ఇంకా దారుణం. చైనీయుల ఇళ్ల చుట్టూ తిరిగిన గీత, పక్కనే ఉన్న తెల్లవారి ఇళ్లను తప్పించుకుంటూ పోయింది. జడ్జి విలియం మారో ఆ వేసవిలో రెండు తీర్పుల్లో ఈ ఆంక్షలను కొట్టివేశాడు. ఒక జాతిని మాత్రమే చుట్టిన గీత వ్యాధిని ఆపదన్నది ఆ తీర్పుల్లోని కీలకాంశం. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. చైనీయ కుటుంబాలు రోగులను, శవాలను కూడా దాచడం మొదలుపెట్టాయి. నగరానికి వ్యాపార నష్టం వస్తుందని రాష్ట్ర గవర్నరు హెన్రీ గేజ్ అసలు ప్లేగే లేదని బుకాయించాడు. 1904 నాటికి వందమందికి పైగా చనిపోయారు. ఆ ప్లేగు అమెరికా పశ్చిమ ప్రాంతపు ఎలుకల్లో, ఉడుతల్లో ఈనాటికీ తిష్ఠవేసి ఉంది.

అదే నగరపు అఖాతంలోని ఏంజెల్ ద్వీపం 1910 నుంచి 1940 దాకా వలస కేంద్రంగా నడిచింది. అక్కడ భారతీయులను తిప్పి పంపడానికి కొంకిపురుగు ఒక సాకు అయింది. మందుతో పోయే జబ్బును పట్టుకుని మనుషుల్ని వెళ్లగొట్టారు. హెచ్ఐవీ ఉన్నవారి ప్రవేశం మీద 1987లో పెట్టిన నిషేధమైతే 2010 జనవరి 4 దాకా తొలగలేదు. మధ్యలో, 1990ల తొలినాళ్లలో, హెచ్ఐవీ సోకిన హైతీ శరణార్థులను గ్వాంటనామో స్థావరంలో ముళ్లకంచెల వెనక ఉంచారు. 1993లో కోర్టు ఆజ్ఞతో గానీ వాళ్లు బయటపడలేదు.

అమెరికా, 2020

కొవిడ్ అడుగుపెట్టే సమయానికి అమెరికాలో వలసదారులు అప్పటికే భయంలో ఉన్నారు. ‘పబ్లిక్ ఛార్జ్’ అనే నిబంధన ఇందుకు ముఖ్య కారణం. ప్రభుత్వానికి భారమయ్యేవారికి గ్రీన్ కార్డు ఇవ్వనక్కర్లేదన్నది పాత సూత్రం. ట్రంప్ ప్రభుత్వం దాని పరిధిని పెంచి మెడికెయిడ్ వైద్యసాయం, ఆహార సాయం, ఇంటి అద్దె సాయం తీసుకోవడాన్ని కూడా ఆ లెక్కలో చేర్చింది. 2020 జనవరి 27న సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో దీనికి దారి ఇచ్చింది. ఫిబ్రవరి 24న నిబంధన అమల్లోకి వచ్చింది. మూడు వారాలు తిరగకుండానే దేశంలో అత్యవసర పరిస్థితి. కొవిడ్ పరీక్ష, చికిత్స ఈ లెక్కలోకి రావని పౌరసత్వ శాఖ మార్చి 13న ప్రకటించింది. ఏళ్ల తరబడి పేరుకున్న భయం ఒక ప్రకటనతో పోదు. నిబంధన ముసాయిదాగా ఉన్న 2018లోనే, వలస కుటుంబాల పెద్దల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు ప్రభుత్వ సాయానికి దూరంగా ఉన్నట్టు అర్బన్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో తేలింది. వీళ్లలో చాలామందికి నిబంధన వర్తించనే వర్తించదు.

వలస చట్టాలను అమలు చేసే సంస్థ ‘ఐస్’ మార్చి 18న తన పద్ధతి మార్చుకుంటున్నట్టు చెప్పింది. ప్రమాదకరమైన వ్యక్తుల మీదే దృష్టి పెడతామని, అసాధారణ సందర్భాల్లో తప్ప ఆస్పత్రుల దగ్గర అరెస్టులు చేయబోమని తెలిపింది. ఈ సంస్థ అంతర్గత భద్రతా శాఖ కిందిది. మరుసటి రోజు అదే శాఖలోని మరో విభాగం పొలం కూలీలను, మాంసం కర్మాగారాల కార్మికులను ‘అత్యవసర సిబ్బంది’ జాబితాలో చేర్చింది. అమెరికా పంట పొలాల్లో పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురికి పైగా సరైన పత్రాలు ఉండవు. 2019 ఆగస్టు 7న మిసిసిపీలోని కోళ్ల కర్మాగారాల మీద దాడి చేసి ఒక్కరోజులో 680 మందిని పట్టుకెళ్లారు. ఎనిమిది నెలలు గడవకుండా అలాంటి పనే దేశానికి అత్యవసరమైంది. ఆ పని చేసే చేతులకు మాత్రం మార్చి 27న వచ్చిన సహాయ చట్టంలో చెక్కు లేదు. భార్యాభర్తల్లో ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకున్నా, ఉమ్మడిగా పన్ను లెక్కలు ఇచ్చిన కుటుంబమంతటికీ తొలి విడతలో డబ్బు రాలేదు.

నిర్బంధ కేంద్రాలు

ఐస్ నిర్బంధంలో ఉన్నవారిలో అత్యధికులు నేరానికి శిక్ష అనుభవిస్తున్నవారు కాదు. వలస విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. 2020 మార్చిలో వీరి సంఖ్య సుమారు 38 వేలు. ఒకే హాలులో పక్కపక్కన బంకు మంచాలు, ఉమ్మడి భోజనశాల, ఉమ్మడి స్నానాల గదులు. ఆరడుగుల దూరం అన్న మాటకు అక్కడ అర్థం లేదు. మే నెలలో కాలిఫోర్నియాలోని ఓటే మేసా కేంద్రంలో ఉన్న ఒకరు కొవిడ్‌తో చనిపోయారు. ఐస్ నిర్బంధంలో అది తొలి కొవిడ్ మరణం. ఏప్రిల్–ఆగస్టు మధ్య ఈ కేంద్రాల్లో వ్యాధి సోకిన రేటు దేశ సగటుకు దాదాపు 13 రెట్లు ఉందని అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది.

వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో జరిగింది వేరు. అక్కడికి వైరస్ దానంతటది రాలేదు, విమానంలో తెచ్చారు. జూన్ 2న అరిజోనా, ఫ్లోరిడా కేంద్రాల నుంచి 74 మందిని తరలించారు. కొద్దిరోజుల్లోనే వారిలో సగానికి పైగా పాజిటివ్ అని తేలింది. వేసవి ముగిసేలోగా ఆ కేంద్రంలో మూడు వందల మందికి పైగా వ్యాధి సోకింది, ఒకరు ప్రాణం కోల్పోయారు. జాతి వివక్షపై అప్పుడు సాగుతున్న నిరసనలను అణచడానికి వాషింగ్టన్‌కు పంపాల్సిన ప్రత్యేక దళాలు ఐస్ విమానం ఎక్కాలంటే అందులో నిర్బంధితులు ఉండాలన్న నియమం వల్లే ఈ తరలింపు జరిగిందని వాషింగ్టన్ పోస్ట్ తర్వాత బయటపెట్టింది.

తిప్పి పంపే విమానాలూ ఆగలేదు. అమెరికా నుంచి వచ్చినవారిలో పదులకొద్దీ వ్యాధిగ్రస్తులు ఉండటంతో గ్వాటెమాలా ఏప్రిల్‌లో ఆ విమానాలను నిలిపివేయాల్సి వచ్చింది. ఊళ్లకు చేరినవారిని సొంతవాళ్లే అనుమానంగా చూశారు.

ముప్పున్నవారిని గుర్తించి విడుదల విషయం పరిశీలించాలని కాలిఫోర్నియా జడ్జి జీసస్ బెర్నల్ ఏప్రిల్ 20న దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వు ఇచ్చారు. 2021 అక్టోబరులో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఈలోగా కోర్టు ఉత్తర్వుల వల్లా, కొత్త అరెస్టులు తగ్గడం వల్లా నిర్బంధితుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఇంతమందిని బయట ఉంచి కూడా విచారణలు నడపవచ్చని ఆ ఏడాది నిరూపించింది.

టైటిల్ 42

2020 మార్చి 20న అంటువ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. నూట పాతికేళ్ల నాటి క్వారంటైన్ నిబంధనకు వారసత్వంగా వచ్చిన ఆ 265వ సెక్షన్ కిందే. దీని ప్రకారం, సరిహద్దు దాటి వచ్చినవారిని ఆశ్రయం కోరే అవకాశం కూడా ఇవ్వకుండా, తరచూ గంటల్లోనే మెక్సికోకు నెట్టివేయవచ్చు. సీడీసీలో క్వారంటైన్ విభాగాధిపతి మార్టిన్ సెట్రాన్ ఇందులో ప్రజారోగ్య హేతువు లేదని పక్కకు తప్పుకున్నారు. పై నుంచి వచ్చిన ఒత్తిడితో డైరెక్టర్ రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ సంతకం పెట్టారని అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. సరిహద్దు పూర్తిగా మూసుకోలేదు. సరుకు లారీలు వచ్చాయి, అమెరికా పౌరులు ఎప్పటిలా వచ్చిపోయారు. ఈ ఉత్తర్వు కింద వెనక్కి నెట్టింది పత్రాలు లేకుండా వచ్చినవారిని, శరణు కోరేవారిని. వైరస్‌ను ఆపడానికి ఈ తేడా ఎలా పనికొస్తుందో ప్రభుత్వం ఏనాడూ నమ్మదగినట్టు చెప్పలేకపోయింది.

బైడెన్ ప్రభుత్వం ఒంటరి పిల్లలను ఇందులోంచి మినహాయించింది గానీ మిగతావారిపై కొనసాగించింది. 2022 ఏప్రిల్ 1న సీడీసీయే రద్దు నిర్ణయం తీసుకుంటే లూయిసియానా కోర్టు అడ్డుకుంది. నవంబరు 15న వాషింగ్టన్ జడ్జి ఎమెట్ సలివన్ ఉత్తర్వు నిర్హేతుకమని కొట్టివేస్తే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపేసింది. చివరికి 2023 మే 11న, కొవిడ్ అత్యవసర పరిస్థితితో పాటే ముగిసింది. అప్పటికి వెళ్లగొట్టిన సందర్భాలు సుమారు 28 లక్షలు. కొందరిని మళ్లీ మళ్లీ నెట్టివేశారు కనుక మనుషుల సంఖ్య అంతకన్నా తక్కువ.

మలేసియా

ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మలేసియాను మించిన ఉదాహరణ లేదు. 2020 ఫిబ్రవరి చివర కౌలాలంపూర్ శివారు శ్రీ పెటాలింగ్‌లో జరిగిన తబ్లీగీ మత సమావేశానికి దాదాపు 16 వేలమంది వచ్చారు. వారిలో పత్రాలు లేని రోహింగ్యాలు కూడా ఉన్నారు. అక్కడ వైరస్ వ్యాపించడంతో, పరీక్షలకు రండి, పత్రాలు అడగం అని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఏప్రిల్‌లో వలస కార్మికులు కిక్కిరిసి ఉండే మస్జిద్ ఇండియా ప్రాంతాన్ని ముళ్లకంచెతో మూసి పరీక్షలు చేశారు. సరిగ్గా మే 1న, కార్మిక దినోత్సవం రోజున, అదే ప్రాంతంలోకి వలస అధికారులు దిగి వందలమందిని లారీల్లో ఎక్కించుకుపోయారు. పరీక్షల్లో వారికి వ్యాధి లేదని తేలిందన్నది ప్రభుత్వం ఇచ్చిన సమర్థన. ఇలా చేస్తే జనం చికిత్సకు రాకుండా దాక్కుంటారని ఐక్యరాజ్యసమితి హెచ్చరించింది. మే నెల తిరగకముందే బుకిత్ జలీల్ నిర్బంధ కేంద్రంలో 35 కేసులు బయటపడ్డాయి. కొద్ది వారాల్లో నాలుగు కేంద్రాల్లో కలిపి లెక్క వందల్లోకి పోయింది.

2021లో టీకాలు వచ్చినప్పుడు పత్రాలు లేనివారికీ ఉచితంగా వేస్తామని అక్కడి మంత్రి ఖైరీ జమాలుద్దీన్ ప్రకటించారు. జూన్‌లో హోం శాఖ మళ్లీ దాడులు మొదలుపెట్టింది. సైబర్‌జయలో పట్టుకున్న 150 మందికి పైగా కార్మికుల మీద క్రిమిసంహారక మందు చల్లిన చిత్రం చూసినవారెవరూ మరిచిపోలేరు. ఒక మంత్రి రమ్మని పిలిచే గుమ్మం దగ్గర ఇంకో మంత్రి మనుషులు కాపు కాస్తే, ఎవరు లోపలికి వస్తారు?

గల్ఫ్, ఐరోపా

సౌదీ రాజు 2020 మార్చి 30న, నివాస నిబంధనలు ఉల్లంఘించినవారితో సహా అందరికీ కొవిడ్ చికిత్స ఉచితమని ఆదేశించాడు. పోర్చుగల్ అదే నెలలో, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న వలసదారులను తాత్కాలికంగా సక్రమ నివాసులుగా గుర్తించి వైద్యసేవల తలుపు తెరిచింది.

తెలుగువారికి దగ్గరగా జరిగింది కువైట్‌లో. కడప, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి, డ్రైవర్లుగా వెళ్లినవారు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. కఫీల్‌ను (పూచీ ఉన్న యజమానిని) వదిలి బయట పనిచేసుకుంటూ, అకామా (నివాస అనుమతి) లేకుండా ఉండేవారిని మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అంటారు. అలాంటివారు కిక్కిరిసి ఉండే జలీబ్, మహబూలా ప్రాంతాలను ఏప్రిల్ 6 నుంచి పూర్తిగా దిగ్బంధించారు. అదే నెలలో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది: జరిమానా లేదు, టికెట్ ఖర్చు ప్రభుత్వానిదే, మళ్లీ వీసా మీద రావచ్చు. మంచి షరతులే. కానీ భారతదేశం మార్చిలోనే అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. క్షమాభిక్షకు పేరిచ్చినవారు ఔట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) చేతిలో పట్టుకుని వారాల తరబడి శిబిరాల్లో, ఎండల్లో ఎదురుచూశారు. మే 7న భారత ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు మొదలయ్యాక గానీ తిరుగుదారి దొరకలేదు.

కొవిడ్ తర్వాత

టీకా కేంద్రాల దగ్గర అరెస్టులు ఉండవని 2021 ఫిబ్రవరి 1న అమెరికా అంతర్గత భద్రతా శాఖ ప్రకటించింది. మార్చిలో ట్రంప్ ప్రభుత్వం తెచ్చిన పబ్లిక్ ఛార్జ్ నిబంధన రద్దయింది. ఆస్పత్రులు, బడులు, ప్రార్థనాలయాల దగ్గర దాడులను పరిమితం చేసే విధానం 2011 నుంచీ ఏదో ఒక రూపంలో ఉండేది. 2025 జనవరి 20న దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది, మెడికెయిడ్‌లో పేరు నమోదు చేసుకున్నవారి చిరునామాలను ఐస్‌కు అందించే ఏర్పాటు జరిగింది. ఇరవై రాష్ట్రాలు కోర్టుకెక్కగా ఆగస్టులో జడ్జి విన్స్ ఛాబ్రియా ఆ రాష్ట్రాల మేరకు తాత్కాలికంగా ఆపారు. ఆ చిరునామాలను జనం ఇచ్చింది వైద్యం కోసం.