సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్

సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1914 నుండి 1996 వరకు కొనసాగిన విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి. కొన్ని విద్యాసంస్థలు ఏటా తమలో తాము పోటీపడి విజేతను నిర్ణయించుకొనుటకు ఏర్పరచుకున్న కూటమిని అక్కడ కాన్ఫరెన్స్ అంటారు. ఈ కూటమి ముఖ్యముగా అమెరికన్ ఫుట్‌బాల్‌కు ప్రసిద్ధి చెందినది. కోలగా ఉండే బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడే ఈ ఆట, భారతదేశములో ఫుట్‌బాల్‌గా పిలువబడే ఆటకు భిన్నమైనది.

స్థాపన

టెక్సస్, ఓక్లహోమా, అర్కన్సా రాష్ట్రాలకు చెందిన ఎనిమిది విద్యాసంస్థలు 1914లో దీనిని స్థాపించాయి. మరుసటి సంవత్సరం పోటీలు ఆరంభమైనవి. ఓక్లహోమా సంస్థలు రెండూ 1925 నాటికి వైదొలగాయి. అటుపిమ్మట అర్కన్సా విశ్వవిద్యాలయం తప్ప మిగిలిన సభ్యులన్నీ టెక్సస్ రాష్ట్రానికి చెందినవే. సదరన్ మెథడిస్ట్ (1918), టెక్సస్ క్రిస్టియన్ (1923) విశ్వవిద్యాలయాలు చేరాయి. ఫుట్‌బాల్ పోటీలలో టెక్సస్ టెక్ 1960 నుండి, హ్యూస్టన్ 1976 నుండి పాల్గొన్నాయి.

ఉచ్ఛదశ

కూటమి విజేత జట్టు అప్పట్లో డాలస్ నగరములో జరిగిన కాటన్ బౌల్ పోటీలో ఆడే సంప్రదాయం 1940లలో స్థిరపడినది. ఉత్తమ క్రీడాకారునికి ఇచ్చే హైస్‌మన్ పురస్కారం ఈ కూటమి ఆటగాళ్ళు ఐదుగురికి లభించినది. అయితే 1966లో జాన్ వెస్ట్‌బ్రూక్ (బేలర్), జెర్రీ లెవయస్ (సదరన్ మెథడిస్ట్) బరిలోకి దిగేవరకు కూటమి ఫుట్‌బాల్ పోటీలలో నల్లజాతి క్రీడాకారులకు చోటు దక్కలేదు. 1969 డిసెంబరు 6న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సమక్షములో జరిగిన పోటీలో టెక్సస్ 15-14 తేడాతో అర్కన్సాపై గెలిచినది.

పతనం

సభ్యసంస్థలు ఒకే రాష్ట్రములో ఉండుట వలన వాటి మధ్య పోటీ తీవ్రముగా ఉండేది. ఒకే పాఠశాల విద్యార్థి కొరకు పలు విశ్వవిద్యాలయాలు ప్రయత్నించేవి. నిబంధనలకు విరుద్ధముగా ఆటగాళ్ళకు డబ్బు ముట్టజెప్పుట 1980లలో బయటపడినది. పలు సంస్థలు శిక్షకు గురయ్యాయి. జాతీయ క్రీడా సంఘం (ఎన్.సి.ఎ.ఎ.) సదరన్ మెథడిస్ట్ జట్టు 1987 పోటీలన్నిటినీ రద్దుచేసినది. 1988లో ఆ విశ్వవిద్యాలయమే జట్టును దింపలేదు.

టెలివిజన్ ప్రసార హక్కులపై జాతీయ సంఘానికి గల గుత్తాధిపత్యాన్ని సుప్రీంకోర్టు 1984లో కొట్టివేసినది. కూటములు తమ హక్కులను తామే అమ్ముకొనసాగాయి. దాదాపు ఒకే రాష్ట్రానికి పరిమితమైన ఈ కూటమికి ప్రేక్షకుల సంఖ్య అవరోధమైనది. 1990లో అర్కన్సా ఆగ్నేయ కూటమిలో చేరుటకు నిర్ణయించుకున్నది. 1994లో టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎమ్, బేలర్, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయాలు బిగ్ 12 కూటమి ఏర్పాటుకు అంగీకరించాయి. మిగిలిన నాలుగు వేర్వేరు కూటములలో చేరగా, 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ రద్దయినది.

తదనంతరం

2012లో టెక్సస్ ఎ అండ్ ఎమ్, 2024లో టెక్సస్ ఆగ్నేయ కూటమిలో చేరాయి. దీనితో పాత ప్రత్యర్థులైన టెక్సస్, అర్కన్సా, టెక్సస్ ఎ అండ్ ఎమ్ మరల ఒకే కూటమిలో కలిశాయి.