సూరదాస్ నుంచి హోరీ దాకా: ప్రేమ్‌చంద్ నవలల్లో భూమి, మనిషి

ప్రేమ్‌చంద్ నవలలు 'రంగభూమి', 'గోదాన్' వరుసగా 1925లోనూ, 1936లోనూ వెలువడ్డాయి. మొదటిదానికి నాయకుడు సూరదాస్ అనే అంధ భిక్షుకుడు. రెండవదానికి హోరీ అనే చిన్న రైతు. ఇద్దరూ పేదవారే. ఇద్దరూ ధర్మభీరువులే. ఇద్దరి జీవితమూ కొద్దిపాటి భూమి చుట్టూ తిరుగుతుంది. అయినా సూరదాస్ చివరిదాకా ఎదురు నిలుస్తాడు. హోరీ చివరిదాకా తలవంచుతాడు. రచయిత ఆదర్శవాదం నుంచి వాస్తవికతకు మరలడమే ఈ భేదానికి కారణమని విమర్శకులు సాధారణంగా చెబుతారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. తన రచనా మార్గాన్ని 'ఆదర్శోన్ముఖ యథార్థవాదం' అని పేర్కొన్నది ప్రేమ్‌చందే. కాని ఆ వివరణతో ఆగిపోతే చరిత్ర మరుగున పడుతుంది. ఈ ఇద్దరిని వేరుచేసింది రచయిత మనఃస్థితి ఒక్కటే కాదు, వారికి ఎదురైన శక్తి స్వరూపం కూడా.

'రంగభూమి' నేపథ్యాన్ని ముందుగా గుర్తుచేసుకోవాలి. గోరఖ్‌పూర్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్న ప్రేమ్‌చంద్ 1921 ఫిబ్రవరిలో గాంధీజీ ప్రసంగం విని, ప్రభుత్వోద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ఆ జిల్లాలోనే చౌరీచౌరా ఘటన జరిగింది. సహాయ నిరాకరణోద్యమం ఆగిపోయింది. ఉద్యమం ఆగిన ఆ సంవత్సరాలలోనే ఈ నవల రూపుదిద్దుకొన్నది. మొదట ఉర్దూలో రచించినా, ముందుగా అచ్చయినది హిందీ పాఠమే.

కథాస్థలం బనారస్ సమీపంలోని పాండేపూర్. చమార్ కులస్థుడైన సూరదాస్‌కు పూర్వుల నుంచి సంక్రమించిన కొంత బీడు భూమి ఉంది. దానివల్ల అతనికి వచ్చే ఆదాయం లేదు. ఊరి పశువులు అక్కడ మేస్తాయి. సిగరెట్టు కర్మాగారం పెట్టదలచిన జాన్ సేవక్ ఆ నేలను కోరతాడు. సూరదాస్ అమ్మనంటాడు. పురపాలక సంఘాధ్యక్షుడైన రాజా మహేంద్రకుమార్ సింగ్ వ్యాపారి పక్షాన నిలుస్తాడు. భూసేకరణ ఉత్తర్వు వెలువడుతుంది, ఒకసారి రద్దవుతుంది, పైస్థాయిలో తిరిగి ఖాయమవుతుంది. తరువాత కార్మికుల ఇళ్ల కోసం ఊరినే ఖాళీ చేయమంటారు. నష్టపరిహారం తీసుకొని అందరూ కదిలినా సూరదాస్ తన గుడిసెను విడువడు. జనం గుమిగూడతారు. కాల్పులు జరుగుతాయి. మేజిస్ట్రేటు క్లార్క్ తుపాకి గుండుకు గాయపడిన సూరదాస్ ఆసుపత్రిలో కన్నుమూస్తాడు.

ఈ కథలో ప్రతిపక్షానికి ముఖం ఉంది. ఉత్తర్వు మీద సంతకం ఉంది, దాని వెనుక ఒక చట్టం ఉంది. ఆనాడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. 2013లో కొత్త చట్టం వచ్చేదాకా స్వతంత్ర భారతంలోనూ అదే కొనసాగింది. ఆజ్ఞ కంటికి కనిపించినప్పుడు నిరాకరణ సాధ్యమవుతుంది. అడిగేవాడొకడు ఉన్నాడు గనుకనే సూరదాస్ 'ఇవ్వను' అనగలిగాడు. అతని ధర్మబుద్ధి ఆ నిరాకరణకు బలమిచ్చింది. గుడిసె తగలబెట్టి, కూడబెట్టుకొన్న డబ్బు దొంగిలించిన భైరోకు, ఆ డబ్బు తిరిగి చేతికి వచ్చాక మళ్ళీ ఇచ్చివేసిన మనిషి అతను. పోగొట్టుకోవడానికి భయపడనివాణ్ణి బెదిరించడం కష్టం. తెలుగు పాఠకునికి ఇక్కడ ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లోని రామదాసు స్ఫురించడం సహజం. ఆ నవల కూడా 1922 నాటిదే.

'గోదాన్' నాటికి దేశం మారింది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధరలు కూలిపోయాయి. కౌలు, వడ్డీ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. సంయుక్త రాష్ట్రాలలో 1931లో కౌలు నిరాకరణోద్యమం తలెత్తింది. 'గోదాన్'లో ప్రేమ్‌చంద్ ఈ ఉద్యమాన్ని కథగా మలచలేదు. ఉద్యమం చేరని ఒక ఇంటిని తీసుకొన్నాడు. అవధ్‌లోని బేలారీ గ్రామంలో ఉన్న హోరీకి పెద్ద కోరికలు లేవు. ఇంటి ముందు ఒక ఆవు ఉంటే చాలు. భోలా వద్ద అరువుకు తెచ్చిన ఆవుకు సొంత తమ్ముడు హీరా విషం పెట్టి చంపి, పారిపోతాడు. కొడుకు గోబర్ వల్ల గర్భవతియైన వితంతువు ఝునియాకు ఇంట ఆశ్రయమిచ్చినందుకు పంచాయతీ వంద రూపాయలు, ముప్ఫై మణుగుల ధాన్యం జరిమానా విధిస్తుంది. ఇల్లు తాకట్టు పడుతుంది. ఆవు బాకీ కింద భోలా ఎడ్లను తోలుకుపోతాడు. చెరకు తూచి డబ్బు చేతికి వచ్చే చోటనే అప్పులవాళ్లు కాచుకొని ఉంటారు.

హోరీకి అన్యాయం చేసినది ఎవరు? జమీందారు రాయ్ సాహెబ్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చినవాడు, మృదుభాషి. ఆయన కూడా అప్పుల్లోనే ఉన్నాడు. వడ్డీ వ్యాపారులు ఒకే ఊరివారు, వరుసలు కలుపుకొనేవారు. పురోహితుడు దాతాదీన్ పుణ్యం పేరు చెప్పే వడ్డీ వసూలు చేస్తాడు. ఎవరూ హోరీ భూమిని ఆజ్ఞాపూర్వకంగా అడగలేదు. ప్రతివాడూ న్యాయమనిపించే చిన్న మొత్తాన్నే అడిగాడు. దేనికి 'ఇవ్వను' అనాలో హోరీకి తెలియలేదు. సూరదాస్‌కు ధైర్యమిచ్చిన ధర్మబుద్ధే ఇక్కడ సంకెల అయింది. బిరాదరీలో మాట పడకూడదు, బ్రాహ్మణుని బాకీ ఎగవేయకూడదు, తమ్ముని ఇంటికి పోలీసులు రాకూడదు అన్న ప్రతి మర్యాదా మరొక అప్పుపత్రానికి దారితీసింది. చివరకు బేదఖలు తప్పించుకోవడానికి చిన్న కూతురు రూపాను వయసు మళ్లిన రాంసేవక్‌కిచ్చి, రెండు వందల రూపాయలు తీసుకొంటాడు. నేల దక్కింది, మనుమని కోసం ఆవు కొనాలన్న ఆశతో కూలికి కంకర తవ్వుతూ వడగాలికి కూలిపోయాడు. పాండేపూర్‌లో భూమి పోయినా మనిషి నిలిచాడు. బేలారీలో మాత్రం భూమి కోసమే మనిషి అరిగిపోయాడు.

అయితే సూరదాస్ స్వరం 'గోదాన్'లో పూర్తిగా మూగబోలేదు. అది హోరీని విడిచి అతని భార్య ధనియాలో పలికింది. దారోగాకు లంచమివ్వడానికి భర్త అప్పు తెచ్చిన రూపాయలను లాగి నేలపాలు చేసి, ఊరి పెద్దలందరి ముందు నిలదీసినది ఆమే. ఝునియాను ఇంటినుంచి వెళ్లగొట్టనన్నది ఆమే. కాని సూరదాస్ వెంట నిలిచినట్లు ఆమె వెంట జనం నిలవలేదు. భర్త మరణవేళ గోదానం చేయమన్నప్పుడు, తాడు పేని సంపాదించిన ఇరవై అణాలు దాతాదీన్ చేతిలో పెట్టి ఆమె సొమ్మసిల్లుతుంది. 'రంగభూమి'లో మరణానంతరం నాయకునికి విగ్రహం లేచింది; 'గోదాన్'లో అప్పులవానికి మరికొంత రొక్కం ముట్టింది.

ఈ పోలికకు సాహిత్య ప్రయోజనంతోపాటు చరిత్ర ప్రయోజనమూ ఉంది. సూరదాస్ వంటివారి కథను దస్త్రాలలో వెదకవచ్చు: భూసేకరణ ప్రకటన, పరిహారపు లెక్క, కాల్పులపై నివేదిక ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటాయి. హోరీ కథకు అటువంటి దస్త్రం ఉండదు. అతని భూమి అతని పేరనే ఉంది, శిస్తు చెల్లింది, కూతురి పెళ్లి జరిగింది. కాగితం మీద చూస్తే అక్కడ ఏమీ జరగలేదు. ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దు చట్టం 1950లో వచ్చి రాయ్ సాహెబ్ వంటివారి హక్కులను తొలగించింది. వడ్డీ, మర్యాద కలిసి బిగించిన ముడిని విప్పడం అంతకంటే కష్టమైన పని.

'గోదాన్' వెలువడిన సంవత్సరంలోనే, అక్టోబరు 8న, ప్రేమ్‌చంద్ మరణించాడు. ఆయన నిరాశతో హోరీని సృష్టించాడనడం తొందరపాటు. అన్యాయం ఉత్తర్వు రూపంలో వచ్చినప్పుడు ప్రతిఘటన ఎలా ఉంటుందో ఆయన ముందుగా చూపాడు. అది ఏ ఉత్తర్వూ లేకుండా ఇంటిలోకే వచ్చినప్పుడు ఏమవుతుందో తరువాత చూపాడు. గ్రామం గురించి ఆలోచించేవారికి, పాలించేవారికి, ఈ రెండు నవలలూ కలిపి చదవవలసినవి. మొదటి దానిలోని అన్యాయాన్ని గుర్తించడానికి న్యాయదృష్టి చాలు. రెండవదాన్ని గుర్తించాలంటే హోరీ ఇంట్లో ఆ రోజు ఎవరికి ఎంత బాకీ ఉందో కూడా అడగాలి.