తుగ్లకాబాద్ కోటలో ఓరుగల్లు

తెలుగువారి చరిత్రలో 1323 విషాద సంవత్సరం. ఆ ఏడాది ఢిల్లీ సైన్యం ఓరుగల్లు కోటను పట్టుకుంది. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ సైన్యాన్ని పంపిన సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ అదే సమయంలో ఢిల్లీలో ఏం చేస్తున్నాడన్నది మాత్రం సాధారణంగా మన దృష్టికి రాదు. అతడు కొత్త రాజధాని కట్టించుకుంటున్నాడు. దక్షిణ ఢిల్లీలో మెహ్రౌలీ-బదర్‌పుర్ రోడ్డు పక్కన, రాతిగుట్ట మీద నేటికీ కనిపించే తుగ్లకాబాద్ శిథిలాలు ఆ రాజధానివే. ఓరుగల్లును గెలిచిన ఆ నగరం పట్టుమని పదేళ్లు కూడా రాజధానిగా నిలవలేదు.

ఢిల్లీ పాత్రికేయులకు తుగ్లకాబాద్ ప్రధానంగా ఒక వార్తాస్థలం. ఆక్రమణల కేసులు, కోర్టు ఆదేశాలు, 2023లో పురావస్తు శాఖ జరిపించిన కూల్చివేతలు, ఇళ్లు పోయిన కుటుంబాల రోదనలు. ఈ వార్తల మధ్య కోట కేవలం నేపథ్యంగా మిగిలిపోతుంది. దాన్ని తీరిగ్గా చూడాలని గత శీతాకాలంలో ఒక ఆదివారం నలుగురు మిత్రులం బయలుదేరాం. ఒకరు చరిత్ర అధ్యాపకుడు, ఒకరు న్యాయవాది, మరొకరు వరంగల్‌లో పుట్టి ఢిల్లీలో స్థిరపడిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు, ఫ్లాస్కు నిండా కాఫీ వెంట ఉన్నాయి. గోవింద్‌పురి మెట్రో దగ్గర దిగి, ఆటో ఎక్కి, పది గంటలకల్లా కోట ద్వారం చేరుకున్నాం.

కోట విస్తీర్ణం లోపలికి వెళ్తే గానీ అర్థం కాదు. చుట్టుగోడ సుమారు ఆరున్నర కిలోమీటర్లు. చాలాచోట్ల 10 నుంచి 15 మీటర్ల ఎత్తున లేచిన రాతి గోడలు, వాటి మధ్య గుండ్రటి భారీ బురుజులు. లోపల దుర్గం, రాజభవనాల ఆవరణ, ప్రజలు నివసించిన నగరం అని మూడు భాగాలు. గుట్ట రాయిని తొలిచి కట్టిన చెరువులు, మెట్ల బావులు, నేలమాళిగలు ఇప్పుడు తుమ్మపొదల మధ్య, కోతుల గుంపుల మధ్య వెతుక్కోవాలి. ప్రజల నగరం ఉన్న వైపు నేటి తుగ్లకాబాద్ గ్రామం పరుచుకుంది.

గోడలన్నీ అడుగున వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. వరంగల్ మిత్రుడు ఆ వాలును చూసి ఆగిపోయాడు. ‘ఖుష్ మహల్ గిట్లనే ఉంటది’ అన్నాడు. నిజమే. ఓరుగల్లు కోట మధ్యలో కాకతీయ కీర్తి తోరణాలకు సమీపంలో నిలిచిన ఖుష్ మహల్ గోడలకూ ఇదే వాలు. ఆ కట్టడం కాలం గురించి పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నా, దాని శైలి తుగ్లక్ శైలి. సుల్తాను కాకముందు గియాసుద్దీన్ వాయవ్య సరిహద్దులో దీపాల్‌పుర్ పాలకుడు. మంగోలు దాడులను ఏళ్ల తరబడి ఎదుర్కొన్న సైనికుడు. ముల్తాన్ ప్రాంతంలో అలవాటైన వాలు గోడల కట్టుబడి అతడితో ఢిల్లీకి వచ్చింది. అక్కడి నుంచి సైన్యం వెంట ఓరుగల్లుకు చేరింది.

గియాసుద్దీన్ 1320లో ఖుస్రో ఖాన్‌ను ఓడించి సింహాసనమెక్కాడు. ఖాళీ అయిన ఖజానాను నింపడానికి ఖుస్రో పంచిపెట్టిన ధనాన్ని తిరిగి రాబట్టాడు. భూమి శిస్తును ఒక్కసారిగా పదో వంతుకో పదకొండో వంతుకో మించి పెంచరాదని ఆదేశించాడని సమకాలీన చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు. రైతు తిరుగుబాటు చేసేంత సంపన్నుడు కాకూడదు, నాగలి వదిలి పారిపోయేంత పేదవాడూ కాకూడదు. ఇదీ అతడి శిస్తు నీతిసారం. అందులో దయ కంటే లెక్క ఎక్కువ. కానీ పాలన సాగాలంటే సేద్యం సాగాలని అర్థం చేసుకున్న లెక్క అది.

ఈ కోట చుట్టూ అల్లుకున్న కథల్లో ప్రసిద్ధమైనది సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియాతో సుల్తానుకు వచ్చిన తగవు. గురువు బావి తవ్విస్తుంటే కూలీలందరినీ సుల్తాను కోట పనికి లాక్కున్నాడనీ, ఈ నగరం పాడుబడుతుందని గురువు శపించాడనీ చెబుతారు. బెంగాల్ దండయాత్ర నుంచి తిరిగివస్తూ సుల్తాను బెదిరింపు పంపితే, ‘ఢిల్లీ ఇంకా దూరమే’ అని ఔలియా బదులిచ్చాడన్నది ఆ కథలోని పతాక సన్నివేశం. చరిత్ర చెప్పేదేమిటంటే, 1325లో నగరం చేరడానికి ముందే, స్వాగతం కోసం అఫ్ఘాన్‌పుర్‌లో వేసిన మంటపం కూలి గియాసుద్దీన్ మరణించాడు. బరనీ ఆకాశం నుంచి పడిన పిడుగు గురించి రాశాడు. కొన్నేళ్ల తర్వాత ఢిల్లీ వచ్చిన ఇబ్న్ బతూతా కొడుకు కుట్రేనని రాశాడు. ఆ కొడుకే ఉలుగ్ ఖాన్. ఓరుగల్లును జయించినవాడు, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్.

తండ్రి నగరంలో కొడుకు కుదురుకోలేదు. పక్కనే ఆదిలాబాద్ అనే కోట, తర్వాత జహాన్‌పనా నగరం కట్టించాడు. 1327లో దౌలతాబాద్‌ను రాజధానిగా ప్రకటించాడు. తెలుగు రాజకీయాల్లో ఈ పేరుకు ఎంత గిరాకీ ఉందో 2019-20లో మూడు రాజధానుల చర్చ విన్నవారికి తెలుసు. నచ్చని నిర్ణయం తీసుకున్న ప్రతి నాయకుడినీ తుగ్లక్ అనడం మనకు రివాజైపోయింది. తుగ్లకాబాద్ చెప్పే పాఠం ఒక వ్యక్తి పిచ్చితనానికి పరిమితం కాదు. ముందు పాలకుడు కట్టినదాంట్లో కూర్చోవడానికి కొత్త పాలకుడు ఇష్టపడకపోవడం అధికారానికి ఉన్న పాత జబ్బు. దాని ఖర్చు ఏ కాలంలోనైనా శిస్తు కట్టేవాడిదే.

మధ్యాహ్నం బురుజు నీడలో కూర్చుని డబ్బాలు విప్పాం. రోడ్డుకు అవతల గియాసుద్దీన్ సమాధి కనిపిస్తోంది. ఎర్ర ఇసుకరాతి వాలు గోడలు, తెల్ల పాలరాతి గుమ్మటం. ఒకప్పుడు చుట్టూ నీళ్లు ఉండేవి. కోట నుంచి కమానుల వంతెన మీదుగా అక్కడికి వెళ్లేవారు. ఇప్పుడు ఆ దారిని నేటి రోడ్డు కోసేసింది. వరంగల్ మిత్రుడు అటే చూస్తూ, ‘మన రాజును పట్టుకపోయినోని ఇంట్ల కూసోని పులిహోర తింటున్నం చూడు’ అన్నాడు. నవ్వాం గానీ, ఆ మాటలో నొప్పి లేకపోలేదు.

ఆ నొప్పికి ఆధారాలున్నాయి. ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి, సుల్తాను చనిపోయాడన్న పుకారు సైన్యంలో వ్యాపించడంతో విఫలమైంది. 1323లో రెండోసారి వచ్చినప్పుడు కోట పడిపోయింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పుర్‌గా మారింది. ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. ఆ తర్వాత తెలుగు నేల మీద ధ్వంసమైన ఆలయాలను, లాక్కున్న అగ్రహారాలను, దోపిడీకి గురైన రైతులను ఆ శాసనం వర్ణిస్తుంది. స్వయంభూ ఆలయం నేలమట్టమై, చుట్టూ తోరణాలు మాత్రమే మిగిలిన ఓరుగల్లు కోట దానికి సాక్ష్యం. సామరస్యం పేరుతో దీన్ని దాచిపెట్టడం చరిత్రకు ద్రోహం. న్యాయవాది మిత్రుడి వాదన ఇక్కడి నుంచే మొదలైంది: ఆ దెబ్బ తిన్నవారు, కొట్టినవారు ఎవరో స్పష్టమే కదా, ఇక సంశయమెందుకు?

చరిత్ర అధ్యాపకుడు సమాధానంగా ఒక పేరు చెప్పాడు: మాలిక్ మక్బూల్.

షమ్స్ సిరాజ్ అఫీఫ్ కథనం ప్రకారం మక్బూల్ తెలంగాణ వాడు, పుట్టుకతో హిందువు, ఓరుగల్లు రాజు కొలువులో పలుకుబడి కలిగినవాడు. రాజు దారిలో మరణించాక అతడు సుల్తాను ఎదుటికి వచ్చి, ఇస్లాం స్వీకరించి, మక్బూల్ అయ్యాడు. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్నయ నాయకుడే ఇతడని కొందరు తెలుగు చరిత్రకారుల అభిప్రాయం. చదవడం రాయడం రాకపోయినా గొప్ప బుద్ధిశాలి అని అఫీఫ్ మెచ్చుకున్నాడు. 1351లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ మరణించాక వారసత్వ పోరులో ఫిరోజ్ షా పక్షాన నిలిచి, వజీరై, ఖాన్-ఎ-జహాన్ బిరుదు పొందాడు. సుల్తాను దండయాత్రలకు వెళ్లినప్పుడు ఢిల్లీని నడిపింది ఇతడే. అసలు ఢిల్లీ రాజు ఖాన్-ఎ-జహానేనని ఫిరోజ్ అనేవాడట. అతడి తర్వాత కొడుకు జునాన్ షా వజీరయ్యాడు.

సాయంత్రం నిజాముద్దీన్ బస్తీకి వెళ్లి, ఇరుకు సందుల్లో ఇళ్ల మధ్య చిక్కుకున్న మక్బూల్ సమాధి చూశాం. ఢిల్లీలో ఎనిమిది కోణాల ప్రణాళికతో కట్టిన తొలి సమాధి ఇదేనని వాస్తు చరిత్రకారులు చెబుతారు. లోదీ తోటలో మనం ఫొటోలు తీసుకునే సయ్యద్, లోదీ సుల్తానుల అష్టకోణ సమాధులకు మూలరూపం ఒక ఓరుగల్లు మనిషి సమాధి.

ఇతడు ద్రోహా, ఘనుడా? ఆ ప్రశ్నకు 14వ శతాబ్దమే సూటిగా సమాధానం ఇవ్వదు. సుల్తాను తరఫున ఓరుగల్లును చూస్తున్న ఈ మక్బూల్‌నే 1330లలో ముసునూరి కాపయ నాయకుడు తరిమేశాడు. విముక్తి వీరుడిగా మనం స్మరించే ఆ కాపయే, 1347లో ఢిల్లీపై తిరగబడిన దక్కన్ ముస్లిం అమీర్లకు సాయం చేశాడు. వారు స్థాపించిన బహమనీ రాజ్యమే తర్వాత అతడిపై దండెత్తింది. చివరకు 1360లలో కాపయ నేలకొరిగింది తోటి తెలుగు నాయకులైన రేచర్ల వారితో పోరులో. ‘మనం’, ‘వాళ్లు’ అని నేడు గీస్తున్న గీత మీద వీరిలో ఏ ఒక్కరూ నిలబడరు.

2024లో తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కాకతీయ తోరణం, చార్మినార్ చుట్టూ ఎంత వివాదం రేగిందో చూశాం. చిహ్నాలు ఉండాలా వద్దా అన్నది రాజకీయ నిర్ణయం; దాన్ని ప్రజలే తేలుస్తారు. చరిత్రను మాత్రం పార్టీలు తమకు కావాల్సిన సగం మేరకే చదువుతున్నాయి. విలస శాసనం ఒక పక్షానికి పనికొస్తుంది, మక్బూల్ కథ మరో పక్షానికి. రెండూ ఒకే పతనం నుంచి, ఒకే తరం అనుభవం నుంచి పుట్టినవి. మన పిల్లలకు ఓరుగల్లు పతనం చెప్పేటప్పుడు ఢిల్లీని ఏలిన ఓరుగల్లు మనిషి గురించీ చెప్పాలి. తుగ్లకాబాద్ వైభవం చెప్పేటప్పుడు విలస శాసనంలోని ఆక్రందననూ వినిపించాలి. ఆ రెండింటినీ పక్కపక్కన చదివిన పౌరుడిని ఏడు వందల ఏళ్ల నాటి పగ చూపించి రెచ్చగొట్టడం ఏ పార్టీకైనా అంత సులువు కాదు.