రెండు డాక్టరేట్లు, ఒక స్కాలర్‌షిప్



ఎంబీబీఎస్ చదువుతున్న మా వాడ పిల్ల మొన్న ఫోన్ చేసింది. "అన్నా, నాకు రీసెర్చ్ చెయ్యాలనుంది. డాక్టరయ్యాక ఇంకా చదువేంటని ఇంట్లో అంటున్నారు."

ఇంట్లోవాళ్లది తప్పు కాదు. అప్పు తీరాలి, తమ్ముడు చదవాలి. కానీ ఈ ఇబ్బందికి ఒక చరిత్ర ఉంది.

చార్లెస్ డ్రూ నల్లజాతి డాక్టరు. వాషింగ్టన్‌లో తివాచీలు పరిచే కార్మికుడి కొడుకు. 1933లో వైద్య పట్టా పొందాడు. 1938లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్‌తో, బాబాసాహెబ్ చదివిన కొలంబియాకే వెళ్లాడు. రక్తాన్ని నిల్వ చేయడం మీద పరిశోధించి 1940లో డాక్టరేట్ తీసుకున్నాడు. యుద్ధంలో ఉన్న బ్రిటన్‌కు ప్లాస్మా పంపే పని నడిపించాడు. అమెరికా రెడ్‌క్రాస్ మాత్రం మొదట నల్లవాళ్ల రక్తమే వద్దంది. 1942లో తీసుకుంది, కానీ విడిగా పెట్టింది. రక్తానికి కూడా వెలివాడ! దీనికి శాస్త్రంలో ఆధారం లేదని డ్రూ బహిరంగంగానే చెప్పాడు.

అదే కాలంలో, అదే దేశంలో, టస్కీగీలో సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో 1932 నుంచి 1972 దాకా చూస్తూ కూర్చున్నారు. అదీ పరిశోధనే. ప్రశ్న అడిగేది ఎవరు, ఎవరి ఒంటి మీద అడుగుతారు అన్నదే అసలు సంగతి.

రోగిని చూసే డాక్టరే ల్యాబ్‌లోనూ పనిచేయాలని అమెరికాలో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివించడం 1956లో క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. 1964లో ప్రభుత్వ నిధులతో మూడు మెడికల్ కాలేజీల్లో పథకమైంది. రెండేళ్లు మెడిసిన్, తర్వాత పీహెచ్‌డీ, మళ్లీ ఆస్పత్రి. మొత్తం ఏడెనిమిదేళ్లు. అన్నేళ్లూ ఫీజు కడతారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. కిటుకంతా అక్కడే ఉంది. పూట గడిచే దిగులు లేనివాడే ఎనిమిదేళ్లు ప్రశ్న వెంట నడవగలడు.

అక్కడా అందరికీ ఒకే న్యాయం లేదు. పరిశోధన నిధులకు దరఖాస్తు చేసిన నల్లజాతి శాస్త్రవేత్తలకు, చదువూ అనుభవమూ లెక్కలోకి తీసుకున్నా, తెల్లవాళ్ల కంటే అవకాశం 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో ఒక అధ్యయనం తేల్చింది.

1917లో బరోడా స్కాలర్‌షిప్ ముగిసి బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. నా పీహెచ్‌డీలోనూ ఫెలోషిప్ నెలల తరబడి రాకపోతే హాస్టల్ మిత్రుల దగ్గర అప్పు చేశాను. తెలివి ఆగలేదు, డబ్బు ఆగింది.

అందుకే ఆ చెల్లికి ఇదే చెప్పాను: ప్రశ్న నువ్వు అడుగు తల్లీ. ఫెలోషిప్ సంగతి అందరం కలిసి అడుగుదాం.

జై భీమ్.